గామా, గాచ్: జరగని కుస్తీ

గామా పహిల్వానూ, అమెరికా మల్లుడు ఫ్రాంక్ గాచ్‌ తలపడి ఉంటే గెలుపు ఎవరిది? ఇద్దరూ ఒకే కాలంవారు. 1910లో ఇద్దరూ మంచి వయసులో, నిండు బలంతో ఉన్నారు. గామా లండన్ దాకా వెళ్లి సవాలు విసిరాడు. గాచ్ అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున ప్రపంచ విజేతగా వెలుగుతున్నాడు. కుస్తీ మాత్రం జరగలేదు. జరగని ఆ కుస్తీకి తీర్పు చెప్పేవాళ్లు నూరేళ్లు దాటినా తగ్గలేదు. మనవాళ్లు గామా అంటారు, అమెరికావాళ్లు గాచ్ అంటారు. రెండు వైపులా వినిపించేది అభిమానమే గాని లెక్క కాదు. లెక్క చూడాలంటే ముందుగా తేల్చుకోవలసిన మాట ఒకటుంది: వీపు నేలకు తాకితే ఏమైనట్టు?

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని కుస్తీల చరిత్రంతా దీని చుట్టూనే తిరిగింది. ముందుగా ఆ ఇద్దరి సంగతీ చూద్దాం.

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో అమృత్‌సర్ ప్రాంతంలో, మల్లుల ఇంట పుట్టాడు. దతియా సంస్థానం నీడలో ఎదిగాడు. మనిషి మరీ పొడగరి కాడు, అయిదడుగుల ఏడెనిమిది అంగుళాలు. బరువు సుమారు 200 పౌండ్లు. 1910లో శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ ధనికుడి ఖర్చుతో గామా, అతని తమ్ముడు ఇమాం బక్ష్, మరి కొందరు మల్లులు లండన్ చేరారు. అక్కడ ఆగస్టులో బెంజమిన్ రోలర్ అనే అమెరికన్‌ను గామా రెండుసార్లు వరసగా పడగొట్టాడు. మొదటిసారి రెండు నిమిషాలైనా పట్టలేదు, రెండోసారి పది నిమిషాలైనా పట్టలేదు. రోలర్ చదువుకున్న వైద్యుడు, పేరున్న మల్లుడు. ఆ గెలుపుతో గామా పేరు పత్రికలకెక్కింది.

గాచ్ అయోవా రాష్ట్రపు రైతుబిడ్డ. గామా కన్నా మూడు నాలుగు అంగుళాలు పొడవు, బరువు దాదాపు సమానం. 1908 ఏప్రిల్ 3న షికాగోలో ‘రష్యా సింహం’ అని పేరుపడ్డ జార్జి హాకెన్‌ష్మిట్‌ను రెండు గంటల పెనుగులాట తరవాత లొంగదీశాడు. 1911 సెప్టెంబరులో మళ్లీ ఓడించాడు. ప్రత్యర్థి పాదాన్ని చేజిక్కించుకుని మెలితిప్పడం అతని పేరుపడ్డ పట్టు. ఆ పట్టు బిగిస్తే చీలమండో మోకాలో పోతుంది, లేదా ఎదుటివాడు ‘చాలు’ అంటాడు.

ఇద్దరూ ఒకరినొకరు తాకలేదు గాని, ఇద్దరూ తాకిన మనిషి ఒకడున్నాడు. అతడు పోలెండుకు చెందిన స్టానిస్లాస్ జిబిస్కో. సుమారు 250 పౌండ్ల భారీ మనిషి. ఇద్దరి బరువూ తూచడానికి ఇంతకన్నా మంచి తూకపురాయి దొరకదు అనిపిస్తుంది. సరే, తూచి చూద్దాం.

1909 నవంబరులో గాచ్ గంటసేపు ప్రయత్నించినా జిబిస్కోను పడగొట్టలేకపోయాడు. 1910 జూన్ 1న అదే గాచ్ అతన్ని షికాగోలో ఓడించాడు. మొదటి పట్టు ఆరు సెకన్లలో ముగిసింది. జిబిస్కో మర్యాదగా చేయి కలపబోతే గాచ్ అదను చూసి పడేశాడని అప్పుడే గొడవ లేచింది. అదే ఏడు సెప్టెంబరు 10న లండన్ వైట్ సిటీ మైదానంలో గామా, జిబిస్కో తలపడ్డారు. పందెం 250 పౌండ్లు, ‘జాన్ బుల్’ పట్టా. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కిందికి తెచ్చాడు. ఆ తరవాత జిబిస్కో లేవలేదు. చాప మీద బోర్లా పడుకుని, కాళ్లూ చేతులూ నేలకు అతికించి, రెండున్నర గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. చీకటి పడుతుంటే సమానమని తేల్చి, మళ్లీ 17న రమ్మన్నారు. గామా వచ్చాడు. జిబిస్కో రాలేదు. గెలుపు గామాకు దక్కింది.

నాలుగో తూకం పద్దెనిమిదేళ్ల తరవాత, 1928 జనవరిలో పటియాలా సంస్థానంలో జరిగింది. ఈసారి చాప లేదు, మట్టి గోదా. గామా వయసు యాభైకి చేరువ. జిబిస్కో కూడా యాభైకి ఒకటి రెండేళ్ల దూరంలో ఉన్నాడు. కుస్తీ ఒక్క నిమిషమైనా సాగలేదు. జిబిస్కో వెల్లకిలా పడ్డాడు.

ఒకే రాయితో నాలుగు తూకాలు, నాలుగు బరువులు. ‘ఇతను అతన్ని ఓడించాడు, అతను వేరొకన్ని ఓడించాడు, కనక ఇతనే గొప్ప’ అనే లెక్క ఇక్కడే చెడిపోతోంది. గాచ్ జూన్‌లో గెలిచాడు, గామా సెప్టెంబరులో సమానం చేశాడు, కనక గాచ్ మిన్న అనవచ్చు. గామా 1928లో నిమిషంలో గెలిచాడు, కనక గామా మిన్న అనీ అనవచ్చు. మారింది మనిషి బలం ఒక్కటే కాదు, నేల మారింది, నియమం మారింది.

మన గోదాలో గెలుపంటే ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేసి రెండు భుజాలూ మట్టికి తాకించడం. ఉత్తరాదివాళ్లు దాన్ని ‘చిత్’ అంటారు. ‘చిత్తుగా ఓడించాడు’ అని మనం అన్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆ గోదాలో బోర్లా పడుకున్నవాడు ఇంకా ఓడలేదు. గాచ్ నేర్చిన అమెరికన్ కుస్తీలో భుజాలు తాకించినా గెలుపే, పట్టు బిగించి ‘చాలు’ అనిపించినా గెలుపే. అక్కడ బోర్లా పడుకోవడం అంత క్షేమం కాదు. పాదం గాచ్ చేతికి దొరుకుతుంది. గామా చేతిలో లేని పనిముట్టు అది. లండన్‌లో గామా రెండున్నర గంటలు చేసిన శ్రమంతా జిబిస్కోను తిప్పడానికే పోయింది.

ఈ తేడా వట్టి ఊహ కాదనడానికి గామా ఇంటిలోనే రుజువుంది. ఇమాం బక్ష్ కొడుకు అక్రం పహిల్వాన్ 1976 డిసెంబరులో కరాచీలో జపాన్ మల్లుడు ఆంటోనియో ఇనోకీతో తలపడ్డాడు. మూడో రౌండులో ఇనోకీ అక్రం చేతిని వెనక్కి విరిచిపట్టాడు. అక్రం లొంగనన్నాడు, చేయి దెబ్బతింది, పోటీ ఆపేశారు. మా ఇంటి కుస్తీలో లొంగిపోవడం అనే మాటే లేదన్నట్టు నిలబడ్డాడు అతను. ఆ పరువుకు చేయి మూల్యమైంది. 1979లో లాహోరులో అక్రం అన్న కొడుకు జారా ఇనోకీని ఎదిరించి చివరిదాకా నిలిచాడు, ఇనోకీ తానే అతని చేయి పైకెత్తి చూపాడు. మూడేళ్లలో ఆ ఇల్లు పరాయి నియమాన్ని నేర్చుకుందన్నమాట.

అదే ఇనోకీ 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీతో తలపడ్డాడు. బాక్సరు గెలుస్తాడా, మల్లుడు గెలుస్తాడా అని లోకమంతా ఎదురుచూసింది. నియమాలేమో చివరి రోజుల దాకా బేరసారాల్లో నలిగాయి. ఇనోకీ పట్టులకూ తన్నులకూ సంకెళ్లు పడ్డాయి. అతను ఏం చేశాడు? పదిహేను రౌండ్లలో ఎక్కువ భాగం చాప మీద వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తన్నుతూ గడిపాడు. అలీ విసిరిన గుద్దులు పట్టుమని పది లేవు. ఫలితం సమానం. అలీ కాళ్లు వాచి ఆస్పత్రి పాలయ్యాడు. గామా గోదాలో వెల్లకిలా పడటం ఓటమి. టోక్యోలో వెల్లకిలా పడుకున్నవాడికి ఓటమి రాలేదు సరికదా, అదే అతని కోట అయింది.

ఇంకో అడుగు వేస్తే, వెల్లకిలా పడుకునే గెలిచినవాడు కనిపిస్తాడు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో బాక్సింగ్, కుస్తీ, కరాటే, జుజుత్సు అన్నీ ఒకే బోనులో కలిపి పోటీ పెట్టారు. నేటి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కు పేరు తెచ్చిన యు.ఎఫ్.సి. పుట్టుక అది. బ్రెజిల్ యువకుడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. ఏడాది తరవాత, 1994 డిసెంబరులో టల్సాలో అతనికి డాన్ సెవెర్న్ అనే గొప్ప మల్లుడు ఎదురయ్యాడు. బరువులో తేడా ఎనభై పౌండ్ల దాకా ఉంది. సెవెర్న్ అతన్ని వెల్లకిలా పడేసి పావుగంట పైన కూర్చున్నంత పని చేశాడు. గామా గోదా అయితే గ్రేసీ పదిసార్లు ఓడినట్టు. కాని కిందనుంచే గ్రేసీ రెండు కాళ్లతో సెవెర్న్ మెడను త్రికోణంలా బిగించి లొంగదీశాడు. చిత్రమేమిటంటే, ఈ గ్రేసీ తండ్రి ఎలియోను 1951లో రియోలో జపాన్ జూడో వీరుడు కిమూరా చేయి విరిచి ఓడించాడు. కరాచీలో అక్రంను పడగొట్టిన పట్టు కూడా ఆ జాతిదే. గ్రేసీలు ఆ పట్టుకు తమను ఓడించినవాడి పేరే పెట్టుకుని నేర్చుకున్నారు.

మనకు దగ్గరలో మూడో రకం జవాబు కూడా ఉంది. మైసూరు దసరాలో రాజప్రాసాదం ఆవరణలో జెట్టీలు వజ్రముష్టి కాళగం ఆడతారు. పిడికిలికి కోరలున్న చిన్న ఆయుధం తొడుక్కుని, పట్టూ దెబ్బా రెండూ కలిపి పోరాడతారు. ఎవరి తలమీద ముందుగా నెత్తురు చిందితే అక్కడితో పోరు ఆగుతుంది. వీపు తాకిందా లేదా అని ఎవరూ చూడరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన గ్రంథంలో జెట్టీలను తెలుగు మల్లుల కులంగా పేర్కొని, తంజావూరులో తమిళుల నడుమ ఉంటూ కూడా తెలుగే మాట్లాడతారని రాశాడు. పరాయి గడ్డ మీద సొంత మాటనూ సొంత విద్యనూ కలిపి నిలుపుకున్నవాళ్లు వాళ్లు. మన చదువరులకు ఆ సంగతి వేరే విప్పి చెప్పనక్కరలేదు.

ఈ సందర్భంలో తెలుగువాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: కోడి రామమూర్తి, గామా పోరాడితే? వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, ఇనుప గొలుసులు తెంచి, రొమ్ము మీద ఏనుగును నడిపించుకుని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న మనిషి ఆయన. తుదినాళ్లు ఒడిశాలోని బలాంగీర్‌లో గడిపి 1942లో కన్నుమూశారు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ ప్రశ్నకు జవాబు లేదు. గొలుసు ఎదురు తిరగదు, ఎత్తు వేయదు, బోర్లా పడుకుని మొరాయించదు. బరువును జయించడం ఒక విద్య, మనిషిని జయించడం మరో విద్య. ఒకదాని పతకాన్ని రెండోదానికి తగిలిస్తే ఇద్దరినీ తక్కువ చేసినట్టే.

కొత్త కాలంలోనూ ఈ జబ్బు తగ్గలేదు. హబీబ్ నుర్మగమెదోవ్, టోనీ ఫెర్గూసన్‌ల పోరు 2015 నుంచి 2020 దాకా అయిదుసార్లు కుదిరి అయిదుసార్లూ చెడిపోయింది. 2020 మేలో జస్టిన్ గేచీ ఫెర్గూసన్‌ను ఓడించాడు, అక్టోబరులో హబీబ్ గేచీని ఓడించాడు. కనక హబీబే గెలిచేవాడని తీర్పు చెప్పేశారు. కావచ్చు. కాని అది జిబిస్కో తూకమే, రాయి పేరు మారిందంతే. అక్కడ కనీసం ఇద్దరిదీ ఒకే బోను, ఒకే నియమం. గామా, గాచ్‌లకు అదీ లేదు.

ఇక తీర్పు చెప్పకుండా తప్పించుకోవడం న్యాయం కాదు. పటియాలా మట్టిలో, భుజాలు తాకితేనే గెలుపు అనే నియమం మీద పోరు పెడితే గామాదే పైచేయి అని నా లెక్క. రోలర్‌ను పడేసిన వేగం, నిలబడి పట్టే పట్టు, వేలకొద్దీ బైఠకులతో నిలిచిన ఊపిరి అతనివైపు ఉన్నాయి. షికాగో చాప మీద, పాదం మెలితిప్పే పట్టు చెల్లే నియమం మీద పెడితే గాచ్‌కే ఎక్కువ అవకాశం. గామాకు ఆ పట్టుతో పరిచయం లేదు, తెలియని పట్టు మొదటిసారి ఎదురైనప్పుడు ఎంతటివాడైనా తడబడతాడు. కరాచీ చెప్పింది అదే. అయితే గామాకు ఆరు నెలలు ఆ విద్య చూసే అవకాశం ఇస్తే ఈ తీర్పు నేనే వెనక్కి తీసుకుంటాను. లాహోరు చెప్పింది అది.

జరగకపోవడానికి కారణం కూడా నియమంలాంటిదే. ప్రపంచ విజేత ఎవరో తేల్చే పందెం సొమ్మూ, వేదికా, పత్రికలూ అన్నీ అప్పుడు తెల్లవాళ్ల చేతిలో ఉన్నాయి. గామాతో ఓడితే గాచ్‌కు పోయేది చాలా, గెలిస్తే వచ్చేది కొంచెం. గామా పిలుపు అందుకోవలసిన అవసరం అతనికి రాలేదు. 1913లో గోదా వదిలాడు, 1917లో నలభై నిండీ నిండకుండా మరణించాడు. గామా 1960లో లాహోరులో పోయేదాకా ఆ ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

‘మావాడే గెలిచేవాడు’ అనుకోవడంలో తీపి ఉంది. కాని గామా గొప్పతనానికి జరగని గెలుపు అరువు తేనక్కరలేదు. తనది కాని చాప మీద, తనది కాని నియమానికి తలవంచి, తనకన్నా యాభై పౌండ్లు ఎక్కువున్న మనిషితో రెండున్నర గంటలు పెనుగులాడాడు. గెలుపు చేతికి రాకపోతే, వారం తిరిగేసరికి మళ్లీ అదే మైదానానికి వచ్చి నిలబడ్డాడు. అది జరిగిన సంగతి. పిల్లలకు చెప్పడానికి అది చాలు.