చిన్న సరుకుబండ్లు: పెట్రోలు, డీజిలు

రేడియో ఉన్న ఇంటివారికి పెట్రోలు ఇంజనుకు, డీజిలు ఇంజనుకు గల భేదము ఒకప్పుడు చెవితోనే తెలిసెడిది. వీధిలో పాత జీపు వచ్చి ఆగినచో మీడియం వేవ్ కార్యక్రమము మీద చిటపటమని శబ్దము పడెడిది. డీజిలు లారీ గోడలు అదరునట్లు పోయినను రేడియోలో పాట చెదరెడిది కాదు. పెట్రోలు ఇంజనులో ఇంధనమును అంటించుటకు విద్యుత్తు రవ్వ కావలెను. ఆ రవ్వయే మన సెట్టులో గరగరయై వినిపించెడిది. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని గట్టిగా అదుముటచేత పుట్టిన వేడికే అందులో నూనె మండును. వృత్తిరీత్యా మాకు ఈ భేదమే ముందు జ్ఞాపకము వచ్చినది గాని, బండి యజమానికి కావలసిన భేదము వేరు. ఏ ఇంజను గల బండి నెల తిరుగునప్పటికి కిస్తీ కట్టనిచ్చును?

ఈ ప్రశ్నను బెల్లంపల్లిలో అడుగుట ఒక విధముగా న్యాయము. ఇది బొగ్గు ఊరు. డీజిలు ఇంజను పుట్టుకలో బొగ్గుకు కొంత పాత్ర కలదు.

జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో నాలుగు అడుగుల ఇంజనును నడిపించెను. నేటి పెట్రోలు ఇంజనులన్నియు దాని సంతతియే. ఆ దేశమువాడే యగు రుడాల్ఫ్ డీజిల్ 1892లో వేరొక మార్గమునకు పేటెంటు కోరెను. గాలిని మాత్రమే అదిమి, అది కాలిన పిమ్మట ఇంధనమును లోనికి చిమ్మవలెనని ఆయన యోచన. ఆ ఇంధనములలో బొగ్గుపొడి కూడ ఉండవలెనని ఆయన ఆశించెను. బొగ్గుపొడి సిలిండరును అరగదీయునే గాని సవ్యముగా పని జరగనీయదని ప్రయోగములలో తేలినది. నూనెతో నడచిన ఇంజను 1897లో విజయవంతమైనది. ఇంధనములోని శక్తిలో సుమారు 26 పాళ్లు అది పనిగా మార్చినది. నాటి ఆవిరి యంత్రములకు పది పాళ్లు దక్కుటయే గొప్ప. 1900లో పారిస్ ప్రదర్శనశాలలో ఒక డీజిలు ఇంజను వేరుశనగ నూనెతో నడచినది. డీజిల్ 1913లో ఓడపై ఇంగ్లండునకు పోవుచు సముద్రములో అదృశ్యుడయ్యెను. బొగ్గుతో ఇంజను నడుపవలెనను ఆయన కోరిక మాత్రము తీరలేదు.

తీరలేదంటిమి గాని, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది వేరొక రూపమున మన దేశములోనే తీరినది. పెట్రోలుకు రేషను పెట్టిరి. బస్సులకు, లారీలకు వెనుక ఒక పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో కాల్చి, వచ్చిన వాయువును పెట్రోలు ఇంజనులోనికే పంపిరి. అవియే మన పెద్దలు చెప్పుకొను బొగ్గు బస్సులు. బయలుదేరుటకు ముందు క్లీనరు చాలసేపు చక్రము త్రిప్పి నిప్పు రాజేయవలెను. ఎత్తు వచ్చిన చోట ప్రయాణికులు దిగి నడువవలెను. ఇక్కడ గమనింపవలసిన దేమనగా, ఈ పని పెట్రోలు ఇంజనుకే చెల్లినది. రవ్వ ఉన్నది గనుక ఏ వాయువైనను అంటుకొనును. డీజిలు ఇంజను కొంతైనను నూనె చిమ్మనిదే వాయువును అంటించలేదు. ఆపత్కాలమున రవ్వ గెలిచినది.

యుద్ధానంతరము కాలము మారినది. 1954లో జంషెడ్‌పూరులో టాటా-మెర్సిడెస్ డీజిలు లారీలు తయారు కాజొచ్చెను. పెద్ద బండ్లలో పెట్రోలు క్రమముగా మాయమైనది. చిన్న బండ్లలో మార్పు మెల్లగా వచ్చినది. మహీంద్రా వారి జీపు మొదట పెట్రోలుదే. తరువాతి దశాబ్దములలో ఎందరో యజమానులు మేస్త్రీల చేత ఆ ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించుకొనిరి. 1980 దశకమున జపాను కంపెనీల సహకారముతో తేలిక లారీలు వచ్చినవి. మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ తయారైనది. ఉత్తరాదిన డీసీఎం టయోటా వచ్చినది. ఆ కంపెనీ చేతులు మారి చాలకాలమైనను, తెలంగాణలో ఆ తరహా బండిని ఎవరు చేసినను జనులు డీసీఎం అనియే పిలుచుచున్నారు. పత్తి కాలమున జిన్నింగు మిల్లు ముందు వరుసగా నిలుచు బండ్లలో ఈ పేరు నేటికీ వినవచ్చును.

డీజిలుకు ఇంత ప్రాబల్యము కేవలము ఇంజను గుణముచేతనే వచ్చినదా? గుణము లేకపోలేదు. లీటరు డీజిలులో లీటరు పెట్రోలులో కంటె పదింట ఒక వంతుకు పైగా శక్తి ఎక్కువ. అదుము బలము ఎక్కువ గనుక అందులో పెద్ద పాలు చక్రమునకు చేరును; బరువుతో మెల్లగా కదలునప్పుడు త్రిప్పుబలము పుష్కలము. అయినను ధర తోడ్పడనిదే ఇంత జరుగదని మా అభిప్రాయము. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూనులో తొలగినది. డీజిలుపై 2014 అక్టోబరు వరకు నిలిచినది. 2012 నాటికి లీటరు వద్ద ఇరువది రూపాయలకు మించి తేడా ఉండెను. 2022 మే మాసాంతమున హైదరాబాదులో పెట్రోలు 109 రూపాయల 66 పైసలు, డీజిలు 97 రూపాయల 82 పైసలు. ఆ తేడా సగమైనది.

ఇక టర్బో సంగతి. ఇంజను విడిచిన పొగకే ఒక చక్రమును త్రిప్పించి, దానితో గాలిని ఇంజనులోనికి త్రోయించు ఈ ఉపాయమునకు స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. డీజిలుకు ఇది సహజముగా అమరినది. గాలి ఎంత ఎక్కువైనను దానికి లాభమే. 1960 దశకమున మన రైలు మార్గములపై వ్యాపించిన డీజిలు ఇంజనులలో టర్బో ఉండెను. ఒకనాడు బెల్లంపల్లి బొగ్గుతో ఆవిరి బండ్లు నడచిన కాజీపేట–బల్హార్షా మార్గమున ఆ ఆవిరి కాలము గతించినది.

పెట్రోలుకు టర్బో చిక్కు తెచ్చినది. పెట్రోలు గాలితో కలిసి ముందే సిలిండరులో ఉండును. మితిమీరి అదిమినచో రవ్వ రాకమునుపే, లేదా మంట పూర్తిగా వ్యాపింపకమునుపే, అది తనంత తాను ప్రేలును. ఇంజను టకటక కొట్టుకొనును, పిస్టను పగులవచ్చును. గాలి వేడెక్కినకొద్ది ఈ ప్రమాదము పెరుగును. వేసవిలో 45 డిగ్రీలు దాటు మన ఉత్తర తెలంగాణలో ఇది చిన్న మాట కాదు. 1962లో అమెరికాలో రెండు కార్లకు టర్బో పెట్టి చూచిరి గాని అది నిలువలేదు. పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము పద్ధతి, క్షణక్షణము రవ్వను సరిచేయు కంప్యూటరు వచ్చిన పిమ్మటనే అది నమ్మదగినదైనది. ఫోర్డు వారు 2011 మాదిరి ఎఫ్-150 పికప్పులో టర్బో పెట్రోలు పెట్టి నెగ్గిరి. అదే బండికి 2018లో తెచ్చిన డీజిలును 2021తో మానివేసిరి. అక్కడ డీజిలు పెట్రోలు కంటె ప్రియమని మరువరాదు.

మన దేశమున 2005లో వచ్చిన టాటా ఏస్ 702 ఘనపు సెంటీమీటర్ల, 16 అశ్వశక్తుల డీజిలు బండి. దానికి టర్బో లేదు. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజ్ ఆరు నియమములు వచ్చినవి. డీజిలు పొగలోని మసిని పట్టు జల్లెడ, ఇతర సామగ్రి చిన్న బండి ఖరీదును పెంచినవి. టాటా వారు అదే సంవత్సరము ఏస్‌కు పెట్రోలు ఇంజను పెట్టిరి. మారుతీ వారు డీజిలునే పూర్తిగా మానివేసిరి. ఈ పెట్రోలు బండ్లకు టర్బో లేదు. కార్లలో విరివిగా వచ్చిన టర్బో పెట్రోలు మన సరుకుబండ్లలోనికి పెద్దగా రాలేదు. నిండు బరువుతో లాగునప్పుడు అది ఇంధనమును అధికముగా త్రాగుటయే ముఖ్య కారణమని తోచుచున్నది.

కనుక మంచిర్యాల నుండి కూరగాయలు తెచ్చి బెల్లంపల్లి బస్తీలలో ఆగుచు సాగుచు పంచువానికి చిన్న పెట్రోలు బండి నష్టము కాదు. పొట్టి ప్రయాణములలో డీజిలు మసిజల్లెడ వేడెక్కక పూడిపోవును. ఆ మరమ్మతు ఖర్చు మైలేజీలో మిగిలినదానిని మ్రింగివేయును. టన్నున్నర పత్తి వేసుకొని ఎండలో దూరపు మిల్లునకు పోవువాడు మాత్రము ఇంకను టర్బో డీజిలు బొలెరోనే కొనుచున్నాడు. అది తెలివితక్కువ అనుటకు మాకు నోరు రాదు.