షోలాపూర్ నేత కుటుంబాలు – ఇంట చెప్పుకొనవలసిన చరిత్ర

షోలాపూర్ నగరపు తూర్పు భాగంలోని పేటలలో ఇంటిలోపల తెలుగు, వీధిలో మరాఠీ వినిపించడం కొత్త సంగతి కాదు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలీలు ఈ ఊరు చేరడం నూరేండ్లకు పైబడిన కథ. అయినను "మనవారు ఎందుకు వచ్చారు?" అని ఆ ఇంటి పిల్లవానిని అడిగితే "పూర్వం ఎప్పుడో వచ్చారట" అన్న సమాధానమే తరచుగా లభిస్తున్నది. ఆ 'అట' వెనుక ఎన్నో తరాల శ్రమ మరుగున పడి ఉన్నది.

వలసకు కారణాలను చరిత్ర స్థూలంగా చెప్పగలదు. మిల్లు బట్ట రాకతో పల్లెలోని చేమగ్గానికి గిరాకీ తగ్గినది. 1876–78 నాటి మహా కరవు దక్కనును పీడించినది. 1874లో సికింద్రాబాదు–వాడి రైలుమార్గం ఏర్పడడంతో బొంబాయి రాజధాని చేరువైనది. 1877లో షోలాపూర్‌లో నూలు మిల్లు వెలసి, తరువాతి కాలంలో 'జూనీ మిల్లు'గా ప్రసిద్ధి పొందినది. 1884లో వెలువడిన బొంబాయి రాజధాని గెజిటియరు షోలాపూర్ సంపుటంలో ఇక్కడి నేత వృత్తి వర్ణన గలదు. కాని గెజిటియరు సమూహాన్ని చెబుతుంది, ఇంటిని చెప్పదు. ఎవరు అప్పు తీర్చలేక రాత్రికి రాత్రి బయలుదేరినారో, ఎవరు గుంటమగ్గం పూడ్చి నాడెను మాత్రం మూటలో కట్టుకొన్నారో అవ్వ చెప్పవలసిందే.

ఈ చెప్పడమనే పనికి తెలంగాణ పల్లెలలో ఒక వ్యవస్థయే ఉండేది. పద్మశాలీలను ఆశ్రయించి జీవించే కూనపులివారు చేర్యాల నకాషీలు చిత్రించిన పొడవాటి పటాన్ని వ్రేలాడదీసి, మార్కండేయ, భావనాఋషుల కథలను గానం చేసేవారు. కథ చెప్పే హక్కు మిరాశీ. ఏ ఊరు ఎవరిదన్నది ముందే నిర్ణయమై ఉండేది. ఊరు విడిచిన కుటుంబానికి ఆ పటం సహజంగానే దూరమైనది. ఆ లోటును షోలాపూర్ ఇండ్లలో కండెలు చుడుతూ, బీడీలు చుడుతూ ముసలమ్మలే పూరించినారు. పురాణం కొంత తగ్గి, ఇంటి ముచ్చట కొంత పెరిగినది. చరిత్ర దృష్టితో చూస్తే ఈ మార్పు మేలే చేసినది.

బీడీ ప్రస్తావన ఊరకే వచ్చినది కాదు. మగవారు మిల్లులో, మగ్గంపై పనిచేయగా, తెలుగు స్త్రీలు చాటలో తునికాకు పెట్టుకొని వేయి బీడీలకు ఇంత అన్న లెక్కన సంసారాలను ఈడ్చినారు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినప్పుడు ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగినది ఆ కూలితోనే. ఇంజనీరింగ్ చదివిన మనుమనికి తన రుసుము ఏ చేతివేళ్ల నుండి మొదలైనదో తెలియకపోవడం విచారకరం. షోలాపూర్ చాదర్ పేరు దేశమంతటా తెలిసినది. ఆ వేళ్ల పేరు ఇంటిలోనైనా తెలియాలి కదా!

ఇంటి కథలో కాలం తారుమారు కావచ్చు, గొప్పలూ చేరవచ్చు. ఉపాధ్యాయులు ఇక్కడ తోడ్పడగలరు. "మార్షల్ లా నాటికి మా తాత పిల్లవాడు" అని అవ్వ అంటే, అది 1930 మే నెల నాటి మాట. గాంధీజీ అరెస్టు తరువాత షోలాపూర్‌లో చెలరేగిన తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం సైనిక శాసనం విధించినది. గాంధీ టోపీ ధరించడం కూడా నాడు నేరమైనది. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుస్సేన్ అను నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ కారాగారంలో ఉరితీసినారు. పాఠ్యపుస్తకంలోని ఈ సంవత్సరానికి తాత వయసును జతచేసిన బాలునికి ఆ తేదీని వల్లెవేయవలసిన అవసరం ఉండదు.

మనస్తత్వశాస్త్రం కూడా ఈ విషయాన్ని పరిశీలించినది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ తాత అవ్వలు ఎక్కడ పెరిగినారు, తల్లిదండ్రులు ఎట్లు కలిసినారు వంటి 20 ప్రశ్నలను పిల్లలకు వేసినారు. కుటుంబ విషయాలు ఎక్కువగా తెలిసిన పిల్లలలో ఆత్మగౌరవం, జీవితం తమ చేతిలో ఉన్నదన్న భావం అధికంగా కనిపించినవి. జవాబులు కంఠస్థం చేయించితే అట్టి ఫలితం వస్తుందని మాత్రం దీని అర్థం కాదు. అన్నం దగ్గర, ప్రయాణంలో, తీరిక సమయంలో పెద్దలు మాట్లాడే ఇంటి వాతావరణమే అసలు బలమని ఆ పరిశోధకుల అభిప్రాయం. బాగుపడిన కథ ఒక్కటే చెప్పడం కన్నా చితికిపోయి మరల నిలదొక్కుకొన్న కథ పిల్లలకు ఎక్కువ ధైర్యమిస్తుంది. పెద్దలు సాధారణంగా దాచేది దానినే. మిల్లు మూతపడిన సంవత్సరం, తాకట్టు పోయిన పుస్తెలతాడు, తాగుడుకు బలియైన పెదనాన్న సంగతి వయసుకు తగిన మాటలలో చెప్పవచ్చును.

మహారాష్ట్ర పాఠశాలల రిజిస్టరులో మొదట విద్యార్థి పేరు, తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాయడం ఆచారం. తెలుగు పద్ధతిలో మొదట ఉండవలసిన ఇంటిపేరు ఇక్కడ చివరికి జరిగినది. అట్టి ఇంటిపేర్లలో అనేకం ఊరిపేర్ల నుండి పుట్టినవే. ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నదో, అక్కడి నుండి ఎవరు మొదట బయలుదేరినారో చెప్పగల ముసలివారు కొన్ని ఇండ్లలో ఇంకా ఉన్నారు.