పాత పందెపు కార్ల వేలము

వేలంపాట యెరుగని గ్రామము మనలో లేదు. చెరువు చేపలకు పాట, దేవస్థానపు మాన్యముల కౌలునకు పాట, చింతతోపు ఫలసాయమునకు పాట జరుగుచునే యుండును. తప్పెట కొట్టి చాటింతురు. జనము రచ్చచెట్టు క్రింద చేరుదురు. సర్కారువారి పాటతో మొదలై, ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని చెప్పి హెచ్చుపాటదారుని పేర కొట్టివేయుదురు. పాడువాడు ముందుగా పోయి చెట్టున కాయ యెంత యున్నది, చెరువున నీరెంత యున్నది కండ్లార చూచుకొని వచ్చును. పాడిన సొమ్మునకు మించి ఫలము చేతికి వచ్చినచో లాభము, రానిచో నష్టము. ఇందులో తెలియరానిది యేమియు లేదు.

అయితే ఐరోపా, అమెరికా దేశములలో జరుగుచున్న యొక విధమైన వేలమునకు ఈ లెక్క పొసగదు. అచ్చట పాటకు వచ్చునవి పాత పందెపు మోటారుకార్లు. అరువదేండ్ల క్రిందట చేసిన యొక కారును తూచి చూచినచో సుమారు ఒక టన్ను ఇనుము, అల్యూమినియము మాత్రమే. బాడుగకు త్రిప్పుటకు అది పనికిరాదు, సామాను మోయదు, నేటి సామాన్యమైన కారులో నున్న సౌఖ్యము దానిలో లేదు. అట్టిదానికి కోట్లకొలది డాలర్లు పాడుచున్నారు. వారు కొనుచున్నది యేమి? ఈ ప్రశ్నకు సమాధానము ఆ కార్ల చరిత్రలోనే వెదకవలసియున్నది.

ఫ్రాన్సు దేశమున లెమాన్ పట్టణమునందు 1923వ సంవత్సరమున ఒక పందెము మొదలయ్యెను. పగలును రాత్రియు కలిపి 24 గంటలు కార్లు పరుగెత్తవలెను. తోలువారిద్దరు వంతులవారీగా కూర్చుందురు. గడువు ముగియునప్పటికి ఎక్కువ దూరము పోయినదానిదే గెలుపు. ఇంగ్లండు, ఇటలీ, జర్మనీ దేశములలో గూడ పెక్కు పందెములు జరుగుచుండెను. గెలిచిన కారు పేరు పత్రికలలో పడగానే ఆ కంపెనీ బండ్లకు గిరాకి హెచ్చెడిది. అందుచేత కంపెనీలవారు పందెములకై కొద్దిపాటి కార్లను ప్రత్యేకముగ చేయించెడివారు. కాని ఏటేట కొత్త యంత్రము పాతదానిని మించుచుండుటచే, గెలిచిన కారైనను రెండు మూడేండ్లలో నిరుటి పంచాంగమువలె మూలబడెడిది.

దీనికి ఫెరారీ 250 జి.టి.ఓ. అను కారు మంచి నిదర్శనము. ఇటలీలోని మారనెల్లో గ్రామమున ఎంజో ఫెరారీ కంపెనీవారు దీనిని 1962 మొదలు 1964 వరకు చేసిరి. మొత్తము సంఖ్య 36 అని సాధారణముగ లెక్కింతురు. అమెరికాలో కొత్తదాని వెల సుమారు 18,000 డాలర్లు. ఇందులో నొకదానిని దాని యజమాని టెక్సస్ రాష్ట్రమునందలి యొక ఉన్నతపాఠశాలకు దానమిచ్చెను. పిల్లలు యంత్రపు పని నేర్చుకొనుటకు అది పనికివచ్చెను. 1972లో పాఠశాలవారు దానిని 6,500 డాలర్లకు అమ్మివేసిరి. కొన్నవాడు ఒహాయో రాష్ట్రమున దానిని ఒక బండిపై నెక్కించి బయట పొలములో నుంచగా, పదేండ్లకు పైగా అది ఎండకు ఎండి వానకు తడిసెను. నేడు అట్టి కారు ఒక్కటి వేలమునకు వచ్చినచో ప్రపంచమంతయు చెవి యొగ్గి వినును.

వెల పెరుగుటకు కారణములు పెక్కు కలవు. చిన్ననాడు కంచెనంటి నిలిచి ఆ పందెములను చూచిన బాలురు పెరిగి పెద్దవారై, కొందరు శ్రీమంతులైరి. కావలెనన్నను ఆ కార్లను మరల చేయువారు లేరు. 1988 ఆగస్టు 14వ తేదిన ఎంజో ఫెరారీ మరణించుటతో ఆ పేరుగల బండ్లకు గిరాకి ఒక్కసారిగా హెచ్చెను. జపాను దేశమున ఆ కాలమున పొంగిపొరలిన ధనము గూడ ఈ బేరములలోనికి వచ్చెను. 1989, 1990 సంవత్సరముల ప్రాంతమున జి.టి.ఓ. వెల సుమారు 1 కోటి 30 లక్షల డాలర్ల వరకు పోయెను. పిమ్మట పొంగు చల్లారగా, నాలుగైదేండ్లలోనే అది మూడవవంతునకు లోపుగా పడిపోయెను. అప్పు తెచ్చి కొన్నవారు చితికిపోయిరి. పొగాకు ధరలను, మిరప ధరలను ఎరిగిన మనకు ఈ కథ కొత్తది గాదు.

ఈ వేలములు జరుగు తీరు గూడ మనదానికి దగ్గరగనే యుండును. వేలము కంపెనీవారు పాట దినమునకు ముందుగనే యొక గ్రంథము అచ్చువేసి, ఒక్కొక్క కారు పుట్టుపూర్వోత్తరములను, అంచనా వెలను అందు తెలుపుదురు. యజమాని యొక హద్దు ధర పెట్టుకొనవచ్చును. పాట అంతవరకు రానిచో కారు అమ్ముడుపోదు. హద్దు లేకుండ పాటకు పెట్టువారును కలరు. వేలగాడు సుత్తి దెబ్బ కొట్టుటతో బేరము స్థిరపడును. అయితే సుత్తి ధర యొకటి, కొనువాడు చెల్లించు మొత్తము మరియొకటి; వేలము కంపెనీకి కమీషను గూడ అతడే యిచ్చుకొనవలెను. 2014 ఆగస్టు 14వ తేదిన, ఎంజో ఫెరారీ మరణించి సరిగా 26 ఏండ్లు నిండిన దినమున, కాలిఫోర్నియాలో బాన్‌హామ్స్ కంపెనీవారు ఒక జి.టి.ఓ.ను హద్దు ధర లేకుండ పాటకు పెట్టిరి. సుత్తి ధర 3 కోట్ల 46 లక్షల 50 వేల డాలర్లు. నూటికి పది కమీషను కలిపి 3 కోట్ల 81 లక్షల 15 వేలు అయ్యెను. 2018 ఆగస్టులో అచ్చటికి సమీపముననే మాంటరేలో జరిగిన ఆర్.ఎమ్. సోత్‌బీస్ వారి వేలమున మరియొక జి.టి.ఓ. 4 కోట్ల 84 లక్షలు పలికెను.

2014లో అమ్ముడుపోయిన ఆ కారు కథను కొంచెము ఆలకింపుడు. 1948 నాటి ఒలింపిక్ క్రీడలలో మంచుపై జారు పందెములందు రెండు స్వర్ణపతకములు గెలిచిన ఆంరీ ఒరెయ్యే అను ఫ్రెంచి వీరుడు 1962 అక్టోబరులో పారిస్ సమీపమున ఈ కారును తోలుచునే ప్రమాదము పాలై మరణించెను. తరువాత కారును బాగుచేయించిరి. 1965లో దానిని కొన్న ఇటలీ దేశస్థు డొకడు బ్రతికియున్నంతకాలము దానిని విడువలేదు. మనలో నైనచో మనిషి ప్రాణము తీసిన బండి యని వెల తగ్గింతుము. అచ్చట ఆ మరణవృత్తాంతమును దాచక గ్రంథమున వ్రాసిరి. ఏ సంవత్సరమున ఎవరి చేతిలో నుండెనో, ఏ పందెమున ఎన్నవదిగా వచ్చెనో, ఎప్పుడు విరిగెనో, ఎవరు అతికిరో తెలియుటయే ఆ కారునకు విలువ తెచ్చుచున్నది.

ఇంత సొమ్ము చరిత్రపై నాధారపడియున్నప్పుడు ఆ చరిత్ర నిజమా కాదా యను తగవులు రాక మానవు. ప్రతి కారునకు చట్రముపైన ఒక సంఖ్య, ఇంజనుపైన ఒక సంఖ్య చెక్కబడి యుండును. అవి కంపెనీ లెక్కల పుస్తకములతో సరిపోవలెను. తక్కువ వెల ఫెరారీ చట్రముపై జి.టి.ఓ. రూపము నెక్కించిన నకళ్లు గూడ కలవు గనుక, కొనువారు నిపుణులను వెంటబెట్టుకొని వత్తురు. వస్తువు నిజమైనదైనను హక్కు చిక్కుపడవచ్చును. 1954లో చేసిన ఫెరారీ 375 ప్లస్ అను కారు 2014 జూనులో ఇంగ్లండునందు 1 కోటి 7 లక్షల పౌనులకు పైగా పలికినది. ఆ కారు 1980ల దశకమున ఒహాయో రాష్ట్రమునుండి దొంగిలింపబడి బెల్జియము చేరినది. హక్కు తగవు తీరినదని తలచి పాట పెట్టిరి. పాట ముగిసిన పిదప లండను న్యాయస్థానమున మరల వ్యాజ్యము లేచెను. దస్తావేజులు చూడక పొలము కొన్నవాని పాట్లకును, ఈ పాట్లకును భేదము లేదు.

వీనిలో నెల్ల తెలిసికొనదగిన తగవు బెంట్లీ కారును గూర్చినది. అది వేలములో పుట్టిన తగవు గాక ప్రత్యేక బేరములో పుట్టినదే యైనను, వేలములవారందరికి నది దారి చూపినది. ఇంగ్లండులో "పాత ఒకటవ నంబరు" అని పేరొందిన బెంట్లీ కారు 1929లోను, 1930లోను లెమాన్ పందెమును వరుసగా గెలిచెను. రెండుసారులును తోలినవారిలో నొకడు వూల్ఫ్ బార్నాటో. అతడు దక్షిణాఫ్రికా వజ్రపు గనుల కుబేరుని కుమారుడు, ఆ కంపెనీకి అధ్యక్షుడు. పందెమునకు పందెమునకు నడుమ కారునకు ఏదో యొక భాగము మార్చుచునే యుండిరి. 1932లో దానికి మరింత పెద్ద ఇంజను బిగించి బ్రూక్‌లాండ్స్ పందెమునకు పంపగా, క్లైవ్ డన్‌ఫీ అను యువకుడు దానిని తోలుచు ఏటవాలు బాట అంచు దాటి పడి మరణించెను. పిమ్మట బార్నాటో దానిని మరల బాగుచేయించి, పైకప్పు వేయించి, రోడ్డుమీద తిరుగు కారుగ మార్చెను.

1990లో ఆ కారును 1 కోటి పౌనులకు కొనుటకు ఒక కంపెనీ ఒడంబడి, తరువాత కొననని వెనుదీసెను. లెమాన్‌లో గెలిచిన కారు ఇది కాదని వారి వాదము. యజమాని లండను హైకోర్టున దావా వేసెను. న్యాయమూర్తి ఆటన్ ఒక్కొక్క మరను విచారింపజేసి చూడగా, 1929 నాటి కారులోనివి కాలము తేల్చరాని చిన్న బిగింపులు తప్ప మరేమియు మిగిలియున్నట్లు తేలలేదు. 1930 నాటి దానిలో మిగిలినవి కాలితొక్కుళ్ల ఇరుసు, గేర్ల పెట్టె తొడుగు, స్టీరింగు కంబము మాత్రమే. చట్రమును ఇంజనును 1932 నాటివి. ఇక నిది ఆ కారెట్లగును? యజమానికి కోటి పౌనులు దక్కుటయో, నకలు అమ్మజూపిన వాడను నింద మిగులుటయో ఈ ఒక్క ప్రశ్నపై వ్రేలాడుచుండెను.

మన యూరి రథమును తలచుకొనిన ఈ ప్రశ్న తేటపడును. తాతలనాడు చేయించిన రథమునకు ఒక యేడు చక్రము మార్చుదుము. మరియొక యేడు ఇరుసు విరుగును. పైగూడు చెదలు తినగా కొత్త కొయ్యతో కట్టింతుము. తొలినాటి కొయ్య మిగులకపోవచ్చును. అయినను ఏటేట స్వామి నెక్కించుకొని ఆ వీధులనే తిరిగిన రథము గావున అది పాత రథమే యందుము. పాడైపోయిన రథమును చూచి ప్రక్క యూరివారు అదే కొలతలతో మరియొకటి చేయించినచో, అది యెంత చక్కగ నున్నను మన రథము గానేరదు.

ఆటన్‌గారి తీర్పు గూడ ఇట్లే యుండెను. మార్పులన్నియు ఒక్కసారి గాక క్రమక్రమముగ జరిగినవి. ఏ దశయందును ఆ కారు లేకుండ పోయి మరల పుట్టలేదు. కొత్త భాగములు పాతదానిలో కలిసిపోయినవేగాని దాని యునికిని చెరుపలేదు. తొలినాటి రూపముతో నున్నదని చెప్పరాదు గాని, ఇది నిజమైన "పాత ఒకటవ నంబరే" యని తేల్చి, యజమాని పక్షమున తీర్పు చెప్పెను. నాటినుండి ఇట్టి కారు అమ్మజూపువారు దాని యెడతెగని చరిత్రను నిరూపించుటకు పాత రసీదులను, పందెముల ఛాయాపటములను, ఉత్తరములను ప్రాణప్రదముగ భద్రపరచుకొనుచున్నారు.

ఇందుకు భిన్నముగ తోచు సంగతి యొకటి 2015 ఫిబ్రవరిలో పారిస్ నగరమున జరిగినది. పడమటి ఫ్రాన్సులో నొక లారీల వ్యాపారి 1950ల నుండి పాత కార్లను కూర్చి ప్రదర్శనశాల పెట్టదలచెను. 1970ల దశకమున వ్యాపారము చెడి కొన్ని కార్లను అమ్ముకొనెను. మిగిలినవి రేకుల పాకల క్రింద తుప్పు పట్టుచుండెను. అతని అనంతరము 2014లో వేలమువారు పోయి చూడగా, పాత పత్రికల కుప్పల క్రింద 1961 నాటి ఫెరారీ యొకటి కనబడెను. ఆర్ట్‌క్యురియల్ కంపెనీవారు కార్లన్నిటిని దుమ్ము తుడువకయే పాటకు పెట్టిరి. ఒకప్పుడు సినిమా నటుడు అలైన్ దెలోన్ చేతిలోనుండిన ఆ ఫెరారీ ఒక్కటియే సుమారు 1 కోటి 63 లక్షల యూరోలు పలికినది. బెంట్లీయందు మార్పులనన్నిటిని చెప్పు సాక్ష్యము విలువైనది. ఇచ్చట ఎవరును చేయిపెట్టలేదని చెప్పు దుమ్మే సాక్ష్యము.

ఇంతవరకు బహిరంగముగ తెలిసిన వెలలలో నెల్ల మిన్నయైనది 2022 మే 5వ తేదిన జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరమున పలికినది. మెర్సిడెస్ బెంజ్ కంపెనీవారు 1955లో ఊలెన్‌హౌట్ అను ఇంజనీరు పర్యవేక్షణమున రెండే రెండు కార్లు చేసిరి. ఆ యేడే లెమాన్ పందెమున వారి మరియొక కారు జనముమీదికి ఎగిరిపడగా ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఆ యేటి చివర కంపెనీ పందెములు మానుకొనెను. ఆ రెండు కార్లును ఒక్క పందెమునను పరుగెత్తలేదు. వానిలో నొకదానిని కంపెనీవారే తమ ప్రదర్శనశాలనుండి వేలము వేయగా 13 కోట్ల 50 లక్షల యూరోలు వచ్చెను. ఆ సొమ్ముతో యువకుల విద్యకు వేతనములిచ్చు నిధి నేర్పరచిరి. రెండవ కారు కంపెనీవారియొద్దనే యున్నది.

ధరలు నేడు పెరుగును, రేపు తరుగును. 1990లో చితికినవారి కథ విన్న మనకు వానిని చూచి భ్రమపడ పనిలేదు. కాని ఆ వేలముల నుండి మన మొక్క పని నేర్వవచ్చును. టెక్సస్ పాఠశాలవారు 6,500 డాలర్లకు విడిచినది పనికిరాని యినుమని తలచిరి; దాని కథను వ్రాసి పెట్టినవారు మాత్రము దానిని మరువలేదు. మన యిండ్లలోను తాతనాటి తాళపత్రములు, ఇత్తడి పాత్రలు, వీణలు, కచ్చడపు బండ్లు మూలలయందు పడియున్నవి. అవి ఎవరు చేయించిరో, ఎచ్చటినుండి వచ్చెనో, ఎప్పుడు బాగుచేయించిరో పెద్దలకు తెలియును, పిల్లలకు తెలియదు. తెలిసినవారు జీవించియుండగనే యొక కాగితముపై ఆ నాలుగు మాటలును వ్రాయించి, తేది వేసి, ఆ వస్తువుతోనే భద్రపరచుట మంచిది. అమ్మినను అమ్మకున్నను, తరువాతివారు దానిని చూచి ఇది మనదని చెప్పుకొనగలుగుదురు.