రౌతునకు కుదిరిన కవచము

కవచమునకును దేహమునకును నడుమ సందు లేకుండ జన్మించినవాడు కర్ణుడొక్కడే. అతని దేహముతోపాటు అతని కవచమును పెరిగెను. తక్కిన యోధులందఱును కమ్మరి యెదుట నిలిచి కొలతలిచ్చుకొనినవారే. రౌతు కొద్దీ గుఱ్ఱమని మన పెద్దలు సామెత చెప్పిరి. రౌతు కొద్దీ కవచమని కూడ చెప్పదగునని గుఱ్ఱపు స్వారి చరిత్రను చదివిన కొలది మాకు తోచుచున్నది. నేడు పాశ్చాత్య దేశములలో రౌతులు ధరించుచున్న గాలి చొక్కా ఆ చరిత్రలో కడపటి ప్రకరణము.

మొదటి ప్రకరణము మిక్కిలి పాతది. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు సేనాని జెనొఫోను అశ్వారోహణమును గూర్చి యొక చిన్న గ్రంథమును రచించెను. గుఱ్ఱమును కొనుట, మచ్చిక చేయుట, నడపుట మున్నగు విషయములన్నియు చెప్పి, తుదను రౌతు ధరింపవలసిన కవచమును ప్రస్తావించెను. అక్కడ అతడు మొదట విచారించినది లోహపు మందమును గాదు. అది దేహమునకు కుదిరినదా లేదా యని. కుదిరిన కవచపు బరువును దేహమంతయు పంచుకొనును. వదులైనచో భారమంతయు భుజములపై వ్రేలాడును. బిగుతైనచో అది రక్షణము గాక బంధనమగును. అతని అభిప్రాయపు సారాంశ మిది. సుమారు 2400 ఏండ్లు గడచినను ఇందు మార్పవలసినది మాకేమియు కనబడదు.

మధ్యయుగముల ఐరోపాలో ఉక్కు కవచములు చేయువారు ఈ సూత్రమును పరాకాష్ఠకు గొనిపోయిరి. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ తన కవచముల కొఱకే గ్రీనిచ్ నగరున కర్మశాల నెలకొల్పెను. లండను టవరులో నున్న అతని యౌవనపు కవచమును, 1540 నాటి కవచమును ప్రక్కప్రక్కన చూచినచో, రాజు నడుము ఎంత లావెక్కెనో చరిత్రకారుడు చెప్పనక్కఱలేదు, ఉక్కే చెప్పును. అయినను 1536 జనవరిలో గ్రీనిచ్ క్రీడారంగమున ఆయన గుఱ్ఱముతో కూడ నేల గూలినప్పుడు, బ్రదుకుటయే విచిత్రమని చూచినవారు తలచిరి. ఉక్కు కత్తిని ఆపును, బల్లెమును ఆపును. కాని పడిపాటు నుండి కలుగు అదరును మెత్తబఱుపజాలదు.

తుపాకులు వచ్చి ఉక్కు కవచములు మూలబడిన పిమ్మట రౌతునకు బట్టచొక్కాయే మిగిలెను. ఇరువదవ శతాబ్ది చివరి భాగమున పందెపు రౌతులును, పొలములలో కంచెలు దాటు పోటీల రౌతులును మెత్తని నురుగు పలకలు కుట్టిన చొక్కాలు ధరింపసాగిరి. వీనికి ఐరోపా ప్రమాణము 2000లో ఏర్పడెను. దాని వెనుక నున్న విషాదము మఱవరానిది. 1999లో ఒక్క బ్రిటనులోనే ఈ పోటీలలో ఐదుగురు రౌతులు మరణించిరి. లార్డు హార్టింగ్టను అధ్యక్షతన ఏర్పడిన సంఘము మరుసటి యేడు నివేదిక యిచ్చెను. గుఱ్ఱపు ముంగాళ్ళు కదలని దూలమునకు తగిలి, అది పల్టీకొట్టి రౌతుపై పడుట అన్నిటికంటె ప్రాణాంతకమని తేలెను. కావుననే ఉపకరణముల కంటె ముందు కంచెలనే మార్పదొడగిరి. గట్టి తాకిడికి విఱిగి దూలమును జారవిడుచు చీలలను అమర్చిరి.

గాలి చొక్కా గుఱ్ఱముల కొఱకు పుట్టినది గాదు. మోటారు సైకిలు నడపువారి కొఱకు హంగరీ దేశీయుడు తమాష్ స్ట్రౌబ్ 1976లో ఇట్టి ఆలోచనకు పేటెంటు కోరెను. తరువాత జపానులోని ముగెన్ డెంకో సంస్థ దానిని అమ్మకపు సరుకుగా రూపొందించెను. 2009 ప్రాంతమున ఇంగ్లండు రౌతులలో ఇట్టి చొక్కాలు వ్యాపించెను. దీని పని సులభముగ తెలియును. చొక్కాకు కట్టిన త్రాటి రెండవ కొన జీనుకు తగిలించియుండును. రౌతు జీను నుండి విడివడగనే త్రాడు మీటను లాగును; సూది చిన్న లోహపు గుళికను పొడుచును; అందు బిగించిన బొగ్గుపులుసు వాయువు సెకనులో నాలుగవ వంతునకు లోపలనే మెడను, వెన్నును, ప్రక్కటెముకలను చుట్టి యుబ్బును. దిగునప్పుడు త్రాటిని విప్ప మఱచిన రౌతునకు పెద్ద చప్పుడును, బెదరిన గుఱ్ఱమును దక్కును.

ఇచటనే జెనొఫోను మరల మన యెదుటికి వచ్చును. ఉక్కు కవచమునకు ఒక్క కొలత చాలును. గాలి చొక్కాకు రెండు కొలతలు కావలెను. ఉబ్బకముందు అది జాఱరాదు, ఉబ్బిన పిదప ఊపిరిని నొక్కరాదు. లోపలి నురుగు చొక్కాను తొడిగియే కొలత చూడవలెను. పైన బిగుతు కోటు వేసికొన్నచో గాలి బయటకు ఉబ్బజాలక లోపలికి ఒత్తును. రికాబులపై లేచి ముందునకు వంగినను త్రాడు లాగరాదు. అట్లని మిక్కిలి పొడవైనచో చొక్కా ఉబ్బకముందే రౌతు నేలను తాకును. చిన్నపిల్లల బరువు మీటను లాగుటకు చాలకపోవచ్చును గనుక తయారీదారులు కనీసపు బరువును నిర్దేశింతురు. కొనకముందు ఒకసారి తొడిగి, ఉబ్బింపజేసి చూచుకొనుట ఉత్తమము.

ఇంతకును ఇది ప్రాణమును కాపాడునా? 2010లో అమెరికాలోని కెంటకీ పోటీలో బ్రిటిషు రౌతు ఆలివర్ టౌనెండు ఘోరముగ పడి, ఎముకలు విఱిగియు బ్రదికెను. తన చొక్కాయే తన్ను కాచెనని చెప్పెను. కాని ఒకని అనుభవము నిర్ణయము గాదు. 2015 మొదలు 2017 వఱకు అంతర్జాతీయ పోటీలలో పడినవారి లెక్కలను పరిశీలించి 2019లో కొందఱు పరిశోధకులు ప్రకటించిన ఫలితము ఆశ్చర్యకరము. గాలి చొక్కా తొడిగినవారిలో తీవ్రమైన గాయములు తగ్గియుండలేదు. పైగా హెచ్చుగనే కనబడెను. చొక్కాయే దీనికి హేతువని ఆ లెక్కలు నిరూపింపవు. ఇది తొడిగినానుగదా యని రౌతు సాహసించునేమో యను అనుమానమునకు మాత్రము తావున్నది. నురుగు చొక్కాకు ఇది బదులు గాదనియు, దానిపై తొడుగవలసినదే యనియు పోటీల నియమము.

మన చదువరులలో గుఱ్ఱమెక్కువారు కొలదిమందియే. కాని నేడు ఇంటింట మోటారు సైకిలున్నది, దానితో శిరస్త్రాణమును ఉన్నది. అన్న తలకు కొన్నదానిని తమ్ముడు పెట్టుకొని, గడ్డము క్రింది పట్టీని బిగింపక వీధిలోనికి పోవుట మనము నిత్యము చూచుచున్నాము. రక్షణము కొన్నామన్న తృప్తి వేఱు, రక్షణము వేఱు. రేపు ఉదయము మీ యింటి పిల్లవాడు బండి తీయునప్పుడు ఆ పట్టీని ఒక్కసారి లాగి చూడుడు.