తిప్పిన పన్ను మళ్లీ ఎందుకు తిరుగుతుంది?

బీటెక్ రోజుల్లో నా ముందు పన్ను ఒకటి పక్కకి తిరిగి ఉండేది. ఉయ్యూరు నుంచి బెజవాడకి నెలనెలా బస్సెక్కి వెళ్లి, క్లిప్పులతో సరిచేయించుకున్నా. తీశాక రిటైనర్ పెట్టుకోమన్నారు. ఉద్యోగం వచ్చాక అది డ్రాయర్‌లో పడేశా. పన్ను మళ్లీ తిరిగింది! తప్పు నాదే. కానీ ఎందుకు తిరిగింది? దీని వెనక దాదాపు 300 ఏళ్ల కథ ఉంది.

1728లో పియరీ ఫోషార్ అనే ఫ్రెంచ్ దంతవైద్యుడు, లోహపు రేకుకి పళ్లని దారంతో కట్టి వరసలోకి లాగే పద్ధతి తన పుస్తకంలో రాశాడు. 1928లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ ఎడ్జ్‌వైజ్ బ్రాకెట్ గురించి ప్రకటించాడు. దీర్ఘచతురస్రాకారపు గాడి, అందులో తీగ. దాంతో పన్నుని ఎటు కావాలంటే అటు తిప్పే పట్టు దొరికింది. ఇవాళ్టి క్లిప్పులకి మూలం అదే.

సరే, తిప్పడం వచ్చింది. మరి నిలబెట్టడం? 1959లో నార్వేకి చెందిన కారె రైటాన్ కుక్కల పళ్లు తిప్పి చూశాడు. ఎముక లోపలి పోగులు త్వరగానే సర్దుకున్నాయి. చిగుళ్లలోని పోగులు మాత్రం 232 రోజుల తర్వాత కూడా సాగే ఉన్నాయి! గేదె పలుపు మెలేసి వదిలితే ఎలా వెనక్కి తిరుగుతుందో, అలా అన్నమాట.

1970లో అమెరికాలో జాన్ ఎడ్వర్డ్స్ ఆ పోగుల్ని కోసే చిన్న సర్జరీని వివరించాడు. దానివల్ల వెనక్కి తిరగడం తగ్గుతుంది, పూర్తిగా ఆగిపోదు. అందుకే రిటైనర్ తప్పదు.

క్లిప్పులు తీసిన రోజు ట్రీట్‌మెంట్ అయిపోయినట్టు కాదు ఫ్రెండ్స్. మీ రిటైనర్ కూడా డ్రాయర్‌లోనే ఉంటే, ఇవాళే మీ పళ్ల డాక్టర్‌ని కలవండి. నాలాగా రెండోసారి బస్సెక్కకండి!