శ్రీశైలానికి పాలమూరు గుమ్మాలు

నల్లమలలో తారురోడ్డు పడకముందే శ్రీశైలానికి దారులున్నాయి. ఆ క్షేత్రానికి చెప్పే నాలుగు ద్వారాల్లో రెండు పాత పాలమూరు జిల్లావే: పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం.

గద్వాల జిల్లా అలంపురంలో కొండల్లేవు, తుంగభద్ర ఉంది. 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు తెచ్చి, మళ్లీ ఇక్కడే నిలబెట్టారు.

అసలు కొండ అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంతో మొదలవుతుంది. పెద్ద బండచరియ కిందే గుడి. రాతి సందుల్లోంచి ఊటనీరు. మన్ననూరు దాటాక ఫరహాబాద్ వస్తుంది. నిజాం కాలంలో వేట విడిది, ఇప్పుడు పులులను కాపాడే అడవి. వేటగాళ్ల చోటే సఫారీ చోటయింది!

ఈ అడవిలోనే ఉన్న సలేశ్వరం లోయ సంగతే వేరు. చైత్ర పౌర్ణమి వేళ కొన్ని రోజులే ఇక్కడికి జనాన్ని వదులుతారు. పూజారులు చెంచులు. రాళ్లు పట్టుకుని, ముందువాళ్ల భుజం ఆసరాగా దిగాలి. దిగితే గుహలో లింగమయ్య, పక్కనే గుండంలోకి దూకే జలధార. వెళ్లేవాళ్లు ‘వస్తున్నం లింగమయ్యా’ అంటారు, ఎదురొచ్చేవాళ్లు ‘పోతున్నం లింగమయ్యా’ అంటారు. ఇరుకు దారిలో ఈ రెండు కేకలూ ఎదురెదురుగా వినిపిస్తూనే ఉంటాయి.