మాన్యువలే మాస్టారు: యాభై ఏళ్ల సొంత చదువు

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. బోర్లించిన కుండ ఎంత వేడెక్కాలి, బియ్యప్పిండి జావ ఎంత పలచనుండాలి, గుడ్డ ఎంత వడిగా లాగాలి అన్నవన్నీ అమ్మ పక్కనో అత్త పక్కనో కూర్చుని చేతికి పట్టించుకున్నవే. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోరుతూ పెట్టే దరఖాస్తులో తయారీ విధానాన్ని రాసి ఇవ్వాలి. అలా విద్య ముందు పుట్టింది, దాని కాగితం తరాల తర్వాత పుట్టింది.

సాఫ్ట్‌వేర్ సంగతి దీనికి తలకిందులు. తయారుచేసినవాడు ఏ కాలిఫోర్నియాలోనో ఉంటాడు, వాడేవాడు రావులపాలెంలో ఉంటాడు. పక్కన కూర్చుని చూపించే మనిషి లేడు కాబట్టి మొదటి రోజు నుంచే కాగితం కావాలి. ఆ కాగితాన్నే గురువు చేసుకున్న తెలుగువాళ్ల చదువు ఎలా సాగిందో, ఎక్కడ ఆగిందో ఒకసారి వెనుదిరిగి చూడాల్సిందే.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాశారు. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో వివరణ, పొడి మాటలు, ఉపోద్ఘాతాలు లేవు. అందులో 'బగ్స్' అని ఒక శీర్షిక ఉండేది. తన సరుకులో ఉన్న లోపం తయారీదారే ఒప్పుకుని అచ్చు వేయడమన్నమాట. 1978లో కెర్నిగన్, రిచీల సీ భాష పుస్తకం వచ్చింది. ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా చవక ముద్రణ పుణ్యమా అని అది మన ఇంజినీరింగ్ విద్యార్థుల చేతికీ అందింది. 1984లో డొనాల్డ్ కనూత్ తన అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ 'టెక్' కోసం రాసిన మాన్యువల్ 'టెక్‌బుక్'లో కష్టమైన పేరాల పక్కన రోడ్డు మలుపు హెచ్చరిక బొమ్మ వేశాడు: మొదటిసారి చదువుతుంటే దీన్ని దాటెయ్యమని. తప్పు పట్టుకున్న పాఠకుడికి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. ఎదురుగా లేని విద్యార్థిని మనసులో పెట్టుకుని రాయడమంటే ఏమిటో ఈ పుస్తకాలు చూపించాయి.

మన ఊళ్లలో యంత్రంతో తొలి పరిచయం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది. లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైన చేతులే 1990ల్లో డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ ముందు కూర్చున్నాయి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కరెంటు బిల్లంత రసీదు పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్‌లోనే. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. దాని మాన్యువల్‌లో తెలుగు ఊసే లేదు. అను ఫాంట్ల కీబోర్డు చార్టు ఒకటి మానిటర్ పక్కన అతికించి ఉండేది. ఏ మీటలో ఏ ఒత్తుందో, ఏ రెండు మీటలు కలిపితే ఏ గుణింతమో అందులో చూసుకోవాలి. ఒక సీనియర్ ఆపరేటర్, ఒక చార్టు, కొన్ని నెలల తంటాలు: మొత్తం సిలబస్ ఇదే.

ఆ పద్ధతి బలహీనత ఏమిటో 2001 తర్వాత తేలింది. పేజ్‌మేకర్ 7 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. దాని స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ అప్పటికే వచ్చేసింది. అయినా మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌ను వదల్లేదు. పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఫాంట్లలో ఉండటం ఒక కారణం. నేర్చుకున్నది మెనూల వరసే కావడం రెండోది. ఏ మెనూ తర్వాత ఏ మెనూ అన్నది వేళ్లకు కంఠస్థం. ఎందుకలా అన్నది ఎక్కడా రాసి లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ వరస మారేసరికి చేయి తిరిగిన ఆపరేటరు కూడా మళ్లీ ఓనమాల దగ్గరికి రావాల్సి వచ్చింది.

అంతకు కాస్త ముందు, 1990ల చివర్లో, హైదరాబాద్‌లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట వెలిగింది. 2000 సంవత్సరపు తేదీల గండం పుణ్యమా అని కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్లకు గిరాకీ పుట్టింది. గోదావరి జిల్లాల కుర్రాళ్లు హైదరాబాద్ బస్సెక్కి మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో దిగారు. అక్కడి అసలు గ్రంథం ఐబీఎం మాన్యువల్ కాదు, జిరాక్స్ సెంటర్‌లో దొరికే 'మెటీరియల్'. క్లాసులో ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న రన్నింగ్ నోట్సు కాపీలై చేతులు మారేది. వేల పేజీల ఇంగ్లీషు సముద్రాన్ని రెండు వందల పేజీలకు కుదించిన ఆ కట్టలు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. కాని వాటిలో ఇంటర్వ్యూలో అడిగేది ఉండేది, ఉద్యోగంలో ఎదురయ్యేది ఉండేది కాదు. నిలదొక్కుకున్నవాళ్లు తర్వాత తీరిగ్గా అసలు మాన్యువల్ తెరిచినవాళ్లే.

తెలుగులో చెప్పే ప్రయత్నాలు లేకపోలేదు. నల్లమోతు శ్రీధర్ 'కంప్యూటర్ ఎరా' మాసపత్రిక ఇంగ్లీషంటే బెదిరే పాఠకుడికి కంప్యూటర్ గుట్టు విప్పింది. అంతకుముందే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశారు. ఏ ఇంగ్లీషు అక్షరానికి ఏ తెలుగు అక్షరమో చెప్పే చిన్న పట్టిక అది. దాదాపు అదే పద్ధతిలో 2006లో వీవెన్ 'లేఖిని'ని తెచ్చారు. పైగడిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కిందిగడిలో తెలుగు కనిపించేది. పట్టిక అక్కడే, ఫలితం అక్కడే. పనిముట్టే పాఠం చెప్పింది.

అన్నిటికన్నా పెద్ద మలుపు 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా. అక్కడ ఫీజు లేదు, మాస్టారు లేడు. సహాయం పేజీలున్నాయి, తప్పులు చేసి చూసుకోవడానికి 'ప్రయోగశాల' ఉంది. మూసలు, వర్గాలు, మూలాల లింకులు ఎలా ఇవ్వాలో గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు, బడిపంతుళ్లు చదివి పట్టు సాధించారు. మొదట అర్థం కాని సహాయం పేజీని, అర్థమయ్యాక తామే దిద్దే హక్కు వాళ్లకుంది. నేర్చుకున్నవాడే తర్వాతివాడికి మాన్యువల్ రాసే వీలు తెలుగులో ఇంత విరివిగా అంతకుముందు లేదు.

2010 ప్రాంతంలో ఐఐటీ బొంబాయి 'స్పోకెన్ ట్యుటోరియల్' మొదలైంది. లిబ్రె ఆఫీస్, లేటెక్ వంటివాటిపై చిన్న చిన్న పాఠాలు తెలుగు గొంతుతోనూ వచ్చాయి. కొంచెం విని, ఆపి, పక్క కిటికీలో చేసి చూడటం దాని పద్ధతి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా కారుచవకై వీడియోల వరద వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక, కోనసీమ నుంచి హైదరాబాద్‌కు సరుకు పంపే దుకాణాల్లో లెక్కలు రాసే కుర్రాళ్లకు ట్యాలీలో కొత్త బిల్లు ఎలా కొట్టాలో నేర్పింది చాలామటుకు యూట్యూబే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లకు కొత్త పోర్టల్ వచ్చినప్పుడల్లా 'యూజర్ మాన్యువల్' పీడీఎఫ్ వాట్సాప్‌లో దిగుతుంది. స్క్రీన్ బొమ్మలు, ఎర్ర బాణాలు, ఇక్కడ నొక్కండి, సబ్మిట్ కొట్టండి. అంతా సవ్యంగా ఉంటే సరే. ఎర్రర్ వస్తే ఏం చేయాలో అందులో ఉండటం అరుదు.

2022 చివర్లో వచ్చిన చాట్‌జీపీటీతో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు దొరుకుతోంది. అదీ ఒక్కోసారి లేని మెనూను ఉన్నట్టు చెబుతుంది. అసలు పత్రం తెరిచి పోల్చుకునే అలవాటున్నవాడే ఆ తేడా పట్టగలడు.

కీబోర్డు చార్టు, అమీర్‌పేట కట్ట, యూట్యూబ్ వీడియో, ఎర్ర బాణాల పీడీఎఫ్: మనకు దొరికినవి ఎక్కువగా దారి చెప్పేవి, కారణం చెప్పేవి తక్కువ. దారి మారిన ప్రతిసారీ మనవాడు మళ్లీ ఎవరినో అడగాల్సి వస్తోంది. సొంతంగా నేర్చుకునేవాడికి ఓపిక తక్కువై కాదు, చేతిలోని కాగితం సగంలో ఆగిపోయినందుకు. ఇది తీరని లోటేమీ కాదు. ప్రజల డబ్బుతో పోర్టల్ కట్టే ప్రతి శాఖా దాంతోపాటే తెలుగులో పూర్తి మాన్యువల్ ఇవ్వాలి. అందులో యునిక్స్ వాళ్లు 1971లో పెట్టినట్టు లోపాల శీర్షిక కూడా ఉండాలి. రోజూ పోర్టల్ ఎర్రర్లతో కుస్తీ పడే సచివాలయ ఉద్యోగికి, వికీ సహాయం పేజీలాగా, ఆ మాన్యువల్‌ను దిద్దే హక్కూ ఇవ్వాలి.